కిండిలా, కోబోనా? మరి తెలుగు పుస్తకాల సంగతేంది?

“అన్నా, మాది మిర్యాలగూడ. టొరంటో వచ్చి నెల కూడ కాలే. ఈ-పుస్తకాలు చదివే మెషీను ఒకటి కావాలె. అమెజాన్ కిండిల్ కొనాల్నా, కోబో కొనాల్నా? బాపు ఊరి నుంచి వాట్సాప్‌ల తెలుగు పీడీఎఫ్‌లు పంపుతుండు, అవి కూడ చదవాలె.”

తమ్మీ, నువ్వు ఎక్కువ చదివేది ఇంగ్లిషా, బాపు పంపే పీడీఎఫ్‌లా? ముందు అది తేల్చుకో. మెషీను తర్వాత.

ఇంగ్లిషయితే కళ్లు మూసుకొని కోబో తీసుకో. లైబ్రరీల ఈ-పుస్తకాలు అరువిచ్చే ఓవర్‌డ్రైవ్ అందులోనే ఉంటది, లైబ్రరీ కార్డు కలిపితే పుస్తకాలు ఫ్రీగా దిగుతయ్. కిండిల్‌లోకి లైబ్రరీ పుస్తకం తెచ్చుకునే వసతి అమెరికాలోనే ఉంది. డల్లాస్‌ల ఉన్న దోస్తు కిండిలే మేలంటే ఆయన లెక్క ఆయనకు కరెక్టే, నీకు కాదు. నూక్ అని ఇంకో మెషీను ఉంది, దాని జోలికి పోకు.

ఫార్మాట్ల లొల్లి చిన్నదే. ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు రకం అందరిదీ. ఏజడ్‌డబ్ల్యూ3, కేఎఫ్ఎక్స్ అనే రకాలు అమెజాన్ సొంతం. 2022 నుంచి ఫైళ్లను కిండిల్‌లోకి పంపే ‘సెండ్ టు కిండిల్’కు ఈపబ్ పంపినా తీసుకుంటది, తన ఫార్మాట్‌లోకి మార్చుకుంటది. కానీ కాపీ చేయకుండ పెట్టే డీఆర్ఎం తాళం ఉంటే ఒక దుకాణంల కొన్న పుస్తకం చాలాసార్లు ఇంకో దుకాణం మెషీన్ల తెరుచుకోదు. పైగా కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకొని యూఎస్‌బీతో ఎక్కించే వెసులుబాటును 2025 ఫిబ్రవరిలో తీసేసిండ్రు. నాకు కోబో నచ్చనీకె అదొక కారణం.

ఇగ అసలు తిప్పలు తెలుగుది. బాపు పంపేవాటిల సగం పాత పుస్తకాల స్కాన్లే ఉంటయ్. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’నే తీసుకో. ఆయన 1953లో పోయిండ్రు. మన దేశంల రచయిత పోయినంక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతది, కాబట్టి స్కాన్ దింపుకుంటే తప్పేం లేదు. కానీ స్కాన్ అంటే ఫొటోనే. ఆరంగుళాల తెర మీద అక్షరాలు చీమ తలకాయంత కనిపిస్తయ్. పెద్దగ చేస్తే లైను సగంల తెగుతది, పక్కకు జరిపినప్పుడల్లా తెర ఒక్కసారి నల్లబడి మళ్ల తేటబడతది. రెండు పేజీలకే ఇసుగొస్తది. వీటికి పదంగుళాల తెర కావాలె. అంత పైసలు పెట్టలేవా, ఇంట్ల ఉన్న ట్యాబే నయం.

కొత్త పుస్తకాలకు ఇంకో పేచీ. మన దిక్కు డీటీపీ సెంటర్లల్ల ఏండ్ల తరబడి ‘అను’ అనే పాత రకం ఫాంట్లల్లనే టైపు చేసిండ్రు. ఆ పీడీఎఫ్ చూడనీకె మంచిగుంటది గాని, ఈ-పుస్తకాల ఫార్మాట్ మార్చే క్యాలిబర్ సాఫ్ట్‌వేర్‌ల ఏసి ఈపబ్ చేస్తే అర్థం కాని ఇంగ్లిషు గుర్తులు వరుస కడతయ్. ఏ మెషీన్లనైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌ల ఉన్నదైతేనే పని అయితది. తెలుగు వికీసోర్సు అనే ఉచిత పుస్తకాల సైటుల పుస్తకాలు నేరుగా ఈపబ్‌గా దిగుతయ్.

కొనే ముందు దోస్తు మెషీన్ల అట్ల దించిన ఒక పుస్తకం ఎక్కించి ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అసుంటి మాటలు చూడు. వత్తు కిందికి పోకుండ పక్కకు జారిందంటే కోబోల ‘ఫాంట్స్’ అని ఇంగ్లిషుల పేరు పెట్టి ఫోల్డర్ చేసి, తెలుగు ఫాంటు ఏసి మళ్ల చూడు. అప్పటికీ కుదరకపోతే ఆ మోడల్ ఇడిచిపెట్టు.

బాపుకు ఒక మాట చెప్పు: తెలిసినోళ్ల పుస్తకమైతే పీడీఎఫ్ కాదు, డీటీపీ ఆయన దగ్గర పేజీలు కూర్చిన అసలు పేజ్‌మేకర్ ఫైలుందేమో అడిగి, మ్యాటర్ యూనికోడ్‌లోకి మార్చి పంపమను.