పన్నెండు సీసాలు, ఒకే వగరు: ఇంటికి వచ్చిన వైన్ పెట్టెపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. ఈమధ్య పన్నెండు సీసాల కలగలుపు వైన్ పెట్టె ఒకటి ఇంటికి తెప్పించుకున్నాము. అందులో తొమ్మిది రెడ్ వైన్లు: బోజొలే, బోర్డో, కోట్ దు రోన్ (ఈ మూడూ ఫ్రాన్సు ప్రాంతాలవి), రియోహా క్రియాంజా, రియోహా రిజర్వా (ఈ రెండూ స్పెయిన్‌వి), మాల్బెక్, కార్మెనేర్, పినొటాజ్, షిరాజ్ (ఈ నాలుగూ ద్రాక్ష రకాల పేర్లు). మిగిలినవి రెండు వైట్, ఒక రోజే (గులాబి రంగు వైన్). వారం తేడాతో రెండు రెడ్ వైన్లు తెరిచాము. రెండూ వగరుగానే తోచాయి తప్ప వాటి మధ్య భేదం తెలియలేదు. సీసా వెనుక రాసిన చెర్రీలు, పొగాకు మాకెక్కడా తగలలేదు. పద్ధతిగా రుచి చూడడం ఎలాగో వివరించగలరా?

జవాబు: వారం తేడాతో తాగితే భేదం తెలియకపోవడంలో వింత లేదు. రుచిని మనసు అంతకాలం మోయలేదు. కలగలుపు పెట్టె వల్ల అసలు ప్రయోజనం, రెండేసి సీసాలను పక్కపక్కన పెట్టి పోల్చగలగడమే. అయితే ఇక్కడ ఒక లెక్క గమనించాలి. పదమూడున్నర శాతం ఆల్కహాల్ ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 10 యూనిట్లు (బ్రిటన్‌లో ఆల్కహాల్‌ను లెక్కించే కొలత) ఉంటాయి. బ్రిటన్ వైద్యాధికారులు వారానికి 14 యూనిట్లు మించవద్దంటారు. కనుక నలుగురైదుగురు మిత్రులను పిలిచి, మనిషికి 50 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వైన్లు పోసుకోండి. అప్పుడు ఒక్కొక్కరికి మూడు యూనిట్ల లోపే చేరుతుంది. ఉమ్మడానికి ఒక గిన్నె కూడా పెట్టండి. వృత్తిగా రుచి చూసేవారందరూ ఉమ్మేవారే, అందులో నామోషీ ఏమీ లేదు. మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల వరకు బాగానే ఉంటుంది.

మొదటి సాయంత్రం బోజొలే, బోర్డో కలిపి తెరవండి. మీరు గుర్తించిన ఆ వగరుకు కారణం టానిన్. అది ద్రాక్ష తొక్కలో, గింజలో, తొడిమలో ఉండి, లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది కనుకనే వక్క నమిలినప్పటిలా నోరు పిడచగట్టుకుపోతుంది. బోజొలేలో గమే అనే రకం ద్రాక్షను చాలామంది గుత్తులతోనే, చితక్కొట్టకుండా తొట్టెలో వేస్తారు. పండు లోపలే పులియడం మొదలవుతుంది గనుక టానిన్ తక్కువగా దిగుతుంది. బోర్డోలోని కాబెర్నే సొవిన్యో అనే ద్రాక్ష పండ్లు చిన్నవి, తొక్క మందం, పైగా రసం తొక్కతో కలిసి చాలా రోజులు నానుతుంది. ఈ రెండింటినీ మార్చి మార్చి చప్పరిస్తే వగరు అన్నది ఉందా లేదా అన్న ప్రశ్న కాదనీ, ఎంత ఉంది, చిగుళ్లను పట్టుకుంటోందా, నాలుక మీదే ఆగుతోందా అన్నవి అసలు ప్రశ్నలనీ మీకే తెలుస్తుంది.

అదే సాయంత్రం రెండు రియోహాలను కూడా పోల్చండి. రెంటికీ ప్రధానమైన ద్రాక్ష టెంప్రనీయో. తేడా అంతా కాలంలో ఉంది. నిబంధన ప్రకారం రెడ్ క్రియాంజాను కనీసం రెండేళ్లు, రిజర్వాను కనీసం మూడేళ్లు నిల్వ చేస్తారు. రెండింటికీ అందులో ఒక ఏడాదైనా ఓక్ పీపాల్లో గడవాలి. వెనిలా వాసన వస్తే అది పీపాలిచ్చినదే.

మరొక రోజుకు మాల్బెక్, కార్మెనేర్ ఉంచుకోండి. నా దృష్టిలో మీ పెట్టెలో అన్నిటికంటె ఆసక్తికరమైన సీసా కార్మెనేరే. ఒకప్పుడు బోర్డోలో పండిన ఈ ద్రాక్ష, పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు తోటలను నాశనం చేశాక అక్కడ దాదాపు కనుమరుగైంది. అంతకుముందే చిలీకి చేరిన మొక్కలు మెర్లో అనే మరో ద్రాక్ష తోటల్లో కలిసిపోయి, మెర్లో పేరుతోనే చెలామణి అయ్యాయి. 1994లో ఫ్రెంచ్ ద్రాక్ష శాస్త్రజ్ఞుడు జాన్ మిషెల్ బూర్సికో ఆ తోటల్లో నడుస్తూ వాటిని గుర్తుపట్టారు. గ్లాసులో మీరు గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు: పచ్చి క్యాప్సికమ్ కోసినప్పటి వాసన కోసం చూడండి. మాల్బెక్‌లో ఆ పచ్చిదనం ఉండదు, పండిన నల్లపండ్ల వాసనే ముందుకు వస్తుంది.

షిరాజ్‌ను కోట్ దు రోన్‌తో జత చేయండి. షిరాజ్ అంటే ఫ్రాన్సులోని రోన్ లోయలో ‘సిరా’ (Syrah) అని పిలిచే ద్రాక్షే. అందులో మిరియాల వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థమే నిజంగా మిరియాల్లోనూ ఉంటుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. వారి పరీక్షల్లో సుమారు ఐదో వంతు మందికి ఆ వాసన ఎంత గాఢంగా ఉన్నా తెలియలేదు. కాబట్టి సీసా మీద రాసినదల్లా మీకు తగలలేదని చిన్నబోనక్కరలేదు.

సీసాలకు కాగితం చుట్టి, అంకెలు వేసి పోయడం మరీ మంచిది. 2001లో వెలువడిన ఒక ప్రయోగంలో, బోర్డోలో వైన్ తయారీ చదువుతున్న 54 మందికి వాసన లేని ఎర్రరంగు కలిపిన వైట్ వైన్ ఇవ్వగా, వారు దానిని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవారినే కన్ను అంతగా మోసగించినప్పుడు, ధర, పేరు మనల్ని ఎంత లాగుతాయో వేరే చెప్పాలా? పినొటాజ్‌ను ఇలా కాగితంలో దాచి, ఏదో ఒక జతకు మూడోదిగా చేర్చండి.

చివరగా, రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న పాత మాట హీటర్లు లేని ఇళ్ల నాటిది. మీ ఇల్లు 21 డిగ్రీలు ఉంటే ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా కొడుతుంది. బోజొలేను 13 డిగ్రీల దగ్గర, మిగిలిన రెడ్ వైన్లను 16, 17 డిగ్రీల దగ్గర పోయండి. తెరవడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే చాలు, బోజొలేను మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు ఉంచండి.

ప్రశ్న: గోంగూర మాంసంతో బోర్డో తాగితే రెండూ చెడ్డాయి. మన వంటకు రెడ్ వైన్ పనికిరాదా? (మిల్టన్ కీన్స్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పనికివస్తుంది గాని ఆ సీసా కాదు. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది. టానిన్ వగరు ఆ మంటతో కలిసి మరింత చేదుగా తోస్తుంది. గోంగూర పులుపు ముందు పులుపు తక్కువైన వైన్ చప్పబడిపోతుంది. కనుక టానిన్ తక్కువగా, పులుపు చురుగ్గా ఉన్న బోజొలేను చల్లగా పోసుకోండి. రోజే ఉంటే ఇంకా మేలు. కారం తగ్గించి వండిన మాంసం వేపుడుకు, కాల్చిన మాంసానికి మాల్బెక్ బాగా కుదురుతుంది, ఎందుకంటే మాంసంలోని ప్రోటీను, కొవ్వు, ఉప్పు టానిన్‌ను మెత్తబరుస్తాయి. ఆవకాయ అన్నంతో మాత్రం ఏ వైన్‌నూ నేను సిఫారసు చేయను. రుచి చూసే కార్యక్రమాన్ని భోజనానికి ముందే ముగించి, మధ్యమధ్య ఉప్పులేని రొట్టె ముక్క, మంచినీళ్లు తీసుకోవడం ఉత్తమం.

ప్రశ్న: ఒక సీసా తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. మరొక వైట్ వైన్ అడుగున గాజుపలుకుల వంటివి కనిపించాయి. రెండూ పారబోయాలా?

జవాబు: రెండోది పారబోయకండి. ఆ పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణాలు, హాని లేనివి. నెమ్మదిగా వంచి పోసుకుంటే అడుగునే ఉండిపోతాయి. మొదటిది మాత్రం కార్క్ ద్వారా టీసీఏ అనే పదార్థం సోకి చెడిన సీసా కావచ్చు. ఆరోగ్యానికి ప్రమాదం లేదు గాని, గాలికి ఉంచినా ఆ వాసన పోదు. బ్రిటన్‌లో కొన్న సరుకు లోపభూయిష్టమైతే, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మొదటి 30 రోజుల్లో దానిని తిరస్కరించి సొమ్ము వెనక్కి కోరవచ్చు. అందుచేత కార్క్ ఉన్న సీసాలను ముందుగా, మరమూత ఉన్నవాటిని తరువాత తెరవండి. చెడిన సీసాలో మిగిలిన వైన్‌ను, కార్క్‌ను అలాగే ఉంచి అమ్మినవారికి తెలియజేయండి.