కాల్పుల కథ రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

నీ కథ చదివాను. కాలేజీ భవనంలో కాల్పులు, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, కాసేపటికి పోలీసుల రాక. చాలా బరువైన విషయాన్నే ఎత్తుకున్నావు. దాన్ని తేలిగ్గా తీసుకోలేదని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది. భాష గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. నీ పోలీసుల గురించీ, అంతకన్నా ఎక్కువగా నీ గార్డు గురించీ చెప్పాల్సింది ఉంది.

నీ కథలో పోలీసులకు అన్నీ తెలుసు. దుండగుడు ఒక్కడేనని తెలుసు, రెండో అంతస్తులో ఉన్నాడని తెలుసు, ఏ మెట్లెక్కితే అతని వెనక తేలతారో కూడా తెలుసు. నీకు తెలుసు కాబట్టి వాళ్లకీ తెలిసిపోయింది. నిజంగా అలాంటి చోటికి వెళ్లే మొదటి పోలీసుకు ఏం తెలుస్తుందో ఒకసారి ఊహించు. కంట్రోల్ రూమ్‌కు పదుల కొద్దీ ఫోన్లు వస్తుంటాయి. ఒకరు నల్ల చొక్కా అంటారు, ఇంకొకరు తెల్ల చొక్కా అంటారు. ఒకే తుపాకీ మోత పొడుగాటి వరండాల్లో ప్రతిధ్వనించి మూడు వైపుల నుంచీ వినిపిస్తుంది. పారిపోతున్నవాణ్ణి చూసి రెండో దుండగుడని ఎవరో చెబుతారు. ఈలోపు ఫైర్ అలారం మోగుతుంటుంది. వాకీటాకీలో అందరూ ఒకేసారి మాట్లాడటంతో ఏ మాటా సరిగా వినపడదు. ఇంత గందరగోళంలో, సగం సమాచారంతో, ఒక మనిషి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలి. నీ కథకు ఇదే గుండెకాయ, కానీ నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

పోలీసులు ఎందుకు వెంటనే లోపలికి వెళతారో తెలియాలంటే, ఒకప్పుడు ఎందుకు వెళ్లేవారు కాదో ముందు తెలుసుకోవాలి. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు అప్పటి పద్ధతి వేరు. మొదట వచ్చినవాళ్లు భవనాన్ని చుట్టుముట్టాలి, ఎవరూ తప్పించుకోకుండా చూడాలి, ప్రత్యేక శిక్షణ పొందిన స్వాట్ దళం కోసం ఆగాలి. బందీలను పట్టుకుని బేరమాడేవాడి విషయంలో ఇది తెలివైన పద్ధతే, ఎందుకంటే అక్కడ సమయం గడిచే కొద్దీ ప్రాణాలు దక్కే అవకాశం పెరుగుతుంది. కొలంబైన్‌లో బేరం లేదు, చంపడం ఒక్కటే ఉంది. గాయపడిన ఒక ఉపాధ్యాయుణ్ణి కాపాడాలని పిల్లలు ఒక గదిలో తంటాలు పడ్డారు. లోపల ఒకరు రక్తం కారి చనిపోతున్నారని బోర్డు మీద రాసి కిటికీలో పెట్టారు. సహాయం ఆ గదికి చేరేసరికి మూడు గంటలు దాటింది. ఆయన బతకలేదు.

ఆ తర్వాత శిక్షణ మారింది. మొదట వచ్చినవాళ్లే లోపలికి వెళ్లాలన్నారు. తొలిరోజుల్లో నలుగురు కలిసి ఒక జట్టుగా వెళ్లాలని నేర్పేవారు. నలుగురు పోగయ్యేలోపే ప్రాణాలు పోతున్నాయని అర్థమయ్యాక, ఇద్దరైనా, చివరికి ఒక్కరైనా కదలాలని చెప్పడం మొదలుపెట్టారు. అమెరికాలో 2000 నుంచి 2013 వరకు జరిగిన 160 ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. ఎంతసేపు జరిగిందో తెలిసినవి వాటిలో 63. ఆ 63లో 44 ఐదు నిమిషాల్లోపే ముగిసిపోయాయి. ఈ లెక్కను నీ బల్ల ముందు గోడకు అంటించుకో. నీ కథలో కాల్పులు ఇరవై నిమిషాలు సాగాయి. అలా సాగకూడదని కాదు, సాగితే దానికో కారణం కథలో కనిపించాలి.

లోపలికి వెళ్లిన పోలీసుకు దారి చూపించేది చప్పుడే. తుపాకీ మోత వినిపిస్తుంటే అటే నడవాలి, ఆగకూడదు. మోత ఆగిపోతే, కేకలు కూడా లేకపోతే, అప్పుడు వేగం తగ్గించి గదిగదీ వెతకాలి. ఈ తేడా నీకు మంచి లయనిస్తుంది: పరుగు, ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక్కో తలుపు దగ్గరా భయం.

దీనికన్నా కష్టమైనది ఇంకొకటుంది. చప్పుడు వైపు వెళ్లే మొదటి పోలీసు దారిలో పడి ఉన్న క్షతగాత్రుల దగ్గర ఆగకూడదు. వాళ్లు చెయ్యి పట్టుకుని లాగినా, పేరు పెట్టి పిలిచినా దాటుకుంటూ పోవాలి. ముందు చంపేవాణ్ణి ఆపాలి, ఆ తర్వాతే చావుల్ని ఆపాలి అని శిక్షణలో పదేపదే చెబుతారు. నీ ఎస్సై ఒక అమ్మాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ధైర్యం చెప్పే సన్నివేశం చదువుతుంటే కళ్లు చెమర్చాయి, నిజమే. కానీ పైన కాల్పులు వినిపిస్తూనే ఉన్నాయి కదా. ఆ సమయంలో అతను అక్కడ కూర్చుంటే పై అంతస్తులో ఇంకెవరో పోతారు. అతన్ని ఆ అమ్మాయిని దాటించు. దాటుతున్నప్పుడు అతని కాళ్లలో ఏం జరిగిందో రాయి. తర్వాత ఎప్పటికో ఇంట్లో అతను ఆ అమ్మాయి గురించి ఎవరికీ చెప్పలేకపోవడం రాయి. నీ ఎస్సై అక్కడ మనిషిగా నిలబడతాడు.

తెలిసి కూడా ఆగిపోయినవాళ్లున్నారు. 2022 మే 24న టెక్సస్‌లోని ఉవాల్డేలో మొదటి పోలీసులు కొన్ని నిమిషాల్లోనే స్కూల్లోకి వెళ్లారు. తూటాలు ఎదురవగానే వెనక్కి తగ్గారు. అక్కడి నుంచి, గదిలో తలుపేసుకుని ఉన్న మనిషితో వ్యవహరిస్తున్నామని, కాబట్టి తొందర లేదని లెక్క వేసుకున్నారు. లోపలి నుంచి పిల్లలు పోలీసులకు ఫోన్ చేసి బతిమాలుతూనే ఉన్నారు. తాళంచెవుల కోసం వెతికారు, ఆ తలుపుకు అసలు తాళం పడి ఉండకపోవచ్చని తర్వాత దర్యాప్తులో తేలింది. మొత్తం 376 మంది అధికారులు అక్కడికి చేరారు, దుండగుణ్ణి ఆపేసరికి 77 నిమిషాలైంది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మరుసటి ఏడాది మార్చి 27న నాష్‌విల్‌లోని ఒక స్కూల్లో, మొదటి ఫోన్ వచ్చిన 14 నిమిషాలకే పోలీసులు దుండగుణ్ణి మట్టుబెట్టారు. ముగ్గురు పిల్లలు, ముగ్గురు పెద్దలు అప్పటికే చనిపోయారు. త్వరగా వచ్చినా అందరూ దక్కరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించు. ఉవాల్డేలో తుపాకులకు లోటు లేదు, మనుషులకు లోటు లేదు. ఇప్పుడేం చెయ్యాలో నిర్ణయించి ముందు నడిచే మనిషి లేకపోయారు. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపాన్ని నీ కథలో ఒక పాత్రకైనా ఇవ్వు.

ఇక నీ గార్డు. అతన్ని మొదటి పేజీలోనే చంపేశావు. చాలామంది చేసే పని ఇదే, ఎందుకంటే గార్డును గేటు దగ్గర ఉండే ఒక వస్తువుగా చూడటం అలవాటైపోయింది. అతన్ని బతికించమని అడుగుతున్నాను.

ముందు ఒక ప్రశ్న తేల్చుకో. అతని దగ్గర తుపాకీ ఉందా లేదా? చాలాచోట్ల ఉండదు. టార్చి, వాకీటాకీ, తాళాల గుత్తి, ఎక్కడ ఏ తలుపుందో తెలిసిన బుర్ర, ఇవే అతని ఆయుధాలు. ఆ బుర్ర చాలా విలువైనది. భవనం గురించి పోలీసులకు తెలియనిదంతా అతనికి తెలుసు. 2007లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో దుండగుడు భవనం ప్రధాన ద్వారాలకు లోపల గొలుసులు వేశాడు. పోలీసులు త్వరగానే వచ్చినా మరో తలుపు తాళం పేల్చి లోపలికి వెళ్లాల్సి వచ్చింది, అందులో కొన్ని నిమిషాలు పోయాయి. పక్క తలుపు ఎక్కడుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పగల మనిషి అలాంటప్పుడు ఎంత అవసరమో చూడు. మైకులో హెచ్చరించగలిగేదీ, కెమెరాలు చూసి దుండగుడు ఇప్పుడు ఎటు తిరిగాడో కంట్రోల్ రూమ్‌కు చెప్పగలిగేదీ అతనే. 2008 నవంబర్ 26న ఉగ్రవాదులు ముంబై మీద దాడి చేసినప్పుడు, సీఎస్‌టీ రైల్వే స్టేషన్లో విష్ణు దత్తారాం జెండే అనే అనౌన్సర్ తన గదిలోంచి కదలకుండా మైకులో ప్రయాణికులను హెచ్చరిస్తూ దారి చెప్పారు. ఆయన చేతిలో ఆయుధమేమీ లేదు. అదే రాత్రి పోలీసు అధికారి తుకారాం ఓంబ్లే లాఠీతో వెళ్లి, ఆ ఉగ్రవాదుల్లో ఒకడైన కసబ్ తుపాకీని చేతులతో పట్టుకుని వదల్లేదు. ఆయన ప్రాణం పోయింది, దుండగుడు ప్రాణాలతో దొరికాడు.

తుపాకీ ఉన్న గార్డు అయితే కథ ఇంకోలా ఉంటుంది. 2022లో అమెరికాలోని బఫెలో నగరంలో ఒక సూపర్ మార్కెట్లో గార్డుగా ఉన్న రిటైర్డ్ పోలీసు దుండగుడి మీద కాల్చారు, తూటా తగిలింది కూడా. వాడు కవచం తొడుక్కుని ఉండటంతో తిరిగి కాల్చి ఆయన్ను చంపేశాడు. 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో కాపలా ఉన్న సాయుధ అధికారి భవనం బయటే ఉండిపోయారు, 17 మంది చనిపోయారు. ఆయన మీద కేసు పెట్టారు, 2023లో జ్యూరీ నిర్దోషి అంది. ఇద్దరి చేతిలోనూ తుపాకీ ఉంది. ధీరుడు, పిరికివాడు అని రెండు ముద్రలు వేసేసి తప్పించుకోకు. ఒక్కడే ఉన్న మనిషికి ఆ కొన్ని క్షణాల్లో ఏం వినిపించిందో, ఏం కనిపించిందో రాయి, తీర్పు పాఠకుడు చూసుకుంటాడు.

పోలీసులు వచ్చాక గార్డుకు ఇంకో ప్రమాదం ఉంటుంది. వచ్చినవాళ్లకు అతనెవరో తెలియదు. చేతిలో ఆయుధముంటే అతనే దుండగుడిలా కనిపిస్తాడు. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, బార్ దగ్గర కాల్పుల తర్వాత ఒకణ్ణి అదిమి పట్టుకున్న గార్డును, వచ్చిన పోలీసే కాల్చాడు. గార్డు చనిపోయాడు. 2013లో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్ దాడిలో పోలీసులు, సైనికులు ఒకరినొకరు గుర్తించలేక కాల్చుకున్నారు. అందుకే పోలీసులు కనబడగానే ఆయుధం కింద పెట్టాలి, ఖాళీ చేతులు పైకెత్తాలి, పరుగెత్తి వాళ్ల దగ్గరికి పోకూడదు. బయటికొచ్చే విద్యార్థులక్కూడా ఇదే వర్తిస్తుంది. నీ కథలో ఒక కుర్రాడు ఏడుస్తూ వెళ్లి పోలీసును కౌగిలించుకున్నాడు. అతని చేతిలో ఫోన్ ఉందని రాశావు. చీకట్లో నల్లటి ఫోన్‌ను పోలీసు ఏమనుకుంటాడో ఆలోచించు.

కాల్పులు ఆగిన తర్వాతి భాగం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. వైద్య సిబ్బందిని పోలీసులు మధ్యలో ఉంచుకుని లోపలికి తీసుకెళతారు, రక్తం ఆపే పట్టీలు బిగిస్తారు, భవనమంతా గాలించడానికి గంటలు పడుతుంది. తల్లిదండ్రులు ఎదురుచూసే చోటు గురించి ఇంకో పేజీ రాసినా కథ తట్టుకుంటుంది.

దుండగుడి గురించి ఒక్కటే మాట. అతని బాల్యం మీద మూడు పేజీలు పెట్టావు, గార్డుకు మూడు వాక్యాలు ఇచ్చావు. ఈ కొలతలు తిరగెయ్యి. పేరు, ముఖం, ఆయుధాల వివరాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఆ పేరు కోసమే ఇలాంటి పని చేసేవాళ్లు ఉన్నారు.

తిరగరాసే ముందు ఒక కాగితం మీద నిమిషాలు వరుసగా వేసుకో. ప్రతి నిమిషానికీ ఎదురుగా గార్డుకు ఏం తెలుసు, కంట్రోల్ రూమ్‌కు ఏం తెలుసు, మెట్ల దగ్గరున్న పోలీసుకు ఏం తెలుసు, గదిలో దాక్కున్న అమ్మాయికి ఏం తెలుసు అని రాసుకుంటూ పో. ఎవరికి తెలియనిది వాళ్ల నోట రానివ్వకు. ముందు గార్డు భాగం ఒక్కటే రాసి పంపు. ఆ కాగితం కూడా జత చెయ్యి, రెండూ పక్కన పెట్టుకుని చదువుతాను.

ప్రేమతో,
నీ అన్నయ్య