జన్యువు వ్యక్తీకరిస్తుందా? వ్యక్తమవుతుందా?

సందేహం: ‘లాక్టోజ్ (పాలలోని చక్కెర) అందితే పేగుల్లోని బ్యాక్టీరియాలో దాన్ని వాడుకునే జన్యువు వ్యక్తీకరిస్తుంది’ అని ఒక పుస్తకంలో, ‘వ్యక్తీకరించబడుతుంది’ అని ఇంకో పుస్తకంలో ఉంది. పిల్లలకు ఏది చెప్పాలి?
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, అమలాపురం

సమాధానం: ముందు ధాతువు చూద్దాం. ‘అంజ్’ అంటే పూయడం, పట్టించడం. కంటికి పెట్టే అంజనం, పండగ పూట అభ్యంగనం దాని బిడ్డలే. ‘వి’ చేరితే మరుగున ఉన్నదాన్ని బయటపెట్టడం. వ్యక్తం అందులోంచి వచ్చిందే. మీ కోనసీమ విస్తట్లో అన్నానికి రుచి తెచ్చే కూరా పచ్చడీ వ్యంజనాలే. పైకి చెప్పని అర్థాన్ని స్ఫురింపజేసే వ్యంజనావృత్తి మీదే ఆలంకారికులు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టారు. ఇంత వెలుగున్న ధాతువు మరొకటి అరుదు! హల్లుకూ వ్యంజనమనే పేరు. మనిషిని వ్యక్తి అనడం సరేసరి.

‘వ్యక్తీ’లో దీర్ఘం, అంతకుముందు కానిది అవడాన్ని చెప్పే ‘చ్వి’ అనే సంస్కృత ప్రత్యయం చలవ. దాని పక్కన ‘కృ’ చేరితే చేయడం, ‘భూ’ చేరితే అవడం. ఏకీకరించడానికీ ఏకీభవించడానికీ ఉన్న తేడా అదే. కాబట్టి జన్యువులోని సమాచారంతో ప్రోటీన్ తయారయ్యే ఈ పనిలో చేసేదెవరో తేల్చాలి.

పేగుల్లో ఉండే ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియాను చూడండి. లాక్టోజ్ లేనప్పుడు నిరోధక ప్రోటీన్ ఒకటి డీఎన్‌ఏ మీద ఆపరేటర్ అనే చోట కూర్చుని, ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైముకు అడ్డుపడుతుంది. ఈ అడ్డు సంగతి 1961లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు జాకబ్, మోనో వివరించారు. లాక్టోజ్ లోపలికొస్తే అందులో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి ఆ ప్రోటీన్‌కు అంటుకుంటుంది. దాని పట్టు సడలుతుంది. అంతమాత్రాన పని జోరందుకోదు. గ్లూకోజ్ దండిగా ఉంటే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గి, ఎంజైముకు ఊతమిచ్చే సీఆర్‌పీ ప్రోటీన్ అక్కడికి చేరదు. గ్లూకోజ్ తరిగి, లాక్టోజ్ ఉన్నప్పుడే లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే ప్రోటీనూ, దాన్ని విడగొట్టే బీటా గెలాక్టోసిడేజూ పుష్కలంగా తయారవుతాయి.

ఇందులో జన్యువు తానై చేసిందేమీ లేదు. అందుకే ‘జన్యువు వ్యక్తీకరిస్తుంది’ తప్పు. ‘కణం జన్యువును వ్యక్తీకరిస్తుంది’, ‘జన్యువు వ్యక్తమవుతుంది’ రెండూ ఒప్పే. ‘వ్యక్తీకరించబడుతుంది’ వ్యాకరణానికి నిలుస్తుంది, చెవికి నిలవదు. లాకులెత్తితే కాలువకు నీళ్లొచ్చాయంటారు మీ రైతులు. ‘నీరు విడుదల చేయబడింది’ అనరు. కనబడు, వినబడు మన సొంతం, వాటితో పేచీ లేదు. కనబడ్డ ప్రతి క్రియకూ ‘బడు’ తగిలించే పాఠ్యపుస్తక రచయితలతోనే పేచీ.

‘జన్యు వ్యక్తీకరణ’ అనే నామం స్థిరపడింది, ఉండనివ్వండి. ‘అభివ్యక్తి’ ఇంకా పొందికైన మాటే గాని, దాన్ని సాహిత్య విమర్శకులు ఇప్పటికే వాడేసుకుంటున్నారు. పరీక్షలో పిల్లలు ఏది రాసినా మార్కులు కోయకండి.