బొమ్మ ఒకటి చెబుతోంది, పాఠం మరొకటి

ప్రశ్న: సర్క్యూట్ డిజైన్ పుస్తకంలోని బొమ్మ ప్రకారం ఎల్‌ఎం317 ఐసీతో 5 వోల్టుల రెగ్యులేటర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచే సర్క్యూట్) కట్టాను. లోడు పెట్టి కొలిస్తే 1.7 దగ్గరే ఆగుతోంది. బొమ్మలో ఆర్1 రెసిస్టర్ 720 ఓంలు, ఆర్2 240. పాఠంలో మాత్రం ఆర్1 240, ఆర్2 720 అని ఉంది. ఐసీ పోయిందా?

జవాబు: ఐసీ బాగానే ఉంది, బొమ్మలో విలువలు తారుమారయ్యాయి. ఈ ఐసీ అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ రెండింటి మధ్య ఉండేది ఆర్1, అడ్జస్ట్ నుంచి గ్రౌండుకు వెళ్లేది ఆర్2. అవుట్‌పుట్ = 1.25 × (1 + ఆర్2/ఆర్1). బొమ్మలోని విలువలతో లెక్కిస్తే 1.67 వస్తుంది. మీ మీటరు చూపించింది అదే.

అయితే పాఠంలోని 240 కూడా సరైన ఎంపిక కాదు. అచ్చుతప్పు కన్నా ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లోడు లేనప్పుడు ఆర్1 గుండా పారేది 5.2 మిల్లీఆంపియర్లే. అదే కుటుంబానికి చెందిన ఎల్‌ఎం117కి అది చాలు. ఎల్‌ఎం317కి మాత్రం కనీస లోడు 10 మిల్లీఆంపియర్ల దాకా కావలసి రావచ్చని డేటాషీట్ చెబుతుంది. అది అందకపోతే లోడు తీసేసినప్పుడు వోల్టేజి పైకి ఎగబాకవచ్చు. పైగా 720 ఓంలు ఈ24 వరుసలో (మామూలుగా దొరికే రెసిస్టర్ల ప్రామాణిక విలువల జాబితా) లేని విలువ. ఆర్1 120, ఆర్2 360 పెట్టండి: రెండూ ఆ వరుసలోనివే, పావు వాట్‌వి సరిపోతాయి. అడ్జస్ట్ కాలి నుంచి వచ్చే 50 మైక్రోఆంపియర్లు కూడా కలుపుకుంటే 5.02 వోల్టులు వస్తాయి.

పుస్తకానిదే తప్పు అనుకునే ముందు ఆర్1 రెండు చివరల మధ్య వోల్టేజి కొలవండి. అక్కడ 1.25 లేకపోతే ముందు కాళ్లు చూసుకోండి. టీఓ-220 ప్యాకేజీని అచ్చు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. స్థిరంగా 5 వోల్టులే ఇచ్చే 7805 రెగ్యులేటర్ కాళ్ల వరుస వేరు: ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. దానికి అలవాటు పడ్డ చేయి ఇక్కడే పొరబడుతుంది.

ప్రశ్న: ప్రచురణకర్తకు ఈ తప్పు ఎలా తెలియజేయాలి? తప్పొప్పుల పట్టికలో ఇది ఇప్పటికే ఉందేమో?

జవాబు: ముందుగా మీ ప్రతి ఎన్నో ముద్రణో తేల్చుకోండి. కూర్పు, ముద్రణ ఒకటి కావు. ఒకే కూర్పు మళ్లీ అచ్చుకు వెళ్లినప్పుడు చిన్న తప్పులు దిద్దుతుంటారు. కాపీరైటు పేజీలో అంకెల వరుస ఉంటే, అందులో అన్నిటికన్నా చిన్న అంకె మీ ముద్రణ సంఖ్య. పట్టికలో మీ ముద్రణకు సంబంధించినవే చూడండి.

అందులో లేకపోతే కూర్పు, ముద్రణ, పేజీ, బొమ్మ సంఖ్య రాసి, ఉన్నది ఉన్నట్టుగా, ఉండాల్సింది దాని పక్కనే ఇవ్వండి. ఇక్కడ బొమ్మ, పాఠం విభేదిస్తున్నాయి కాబట్టి రెండింటినీ చూపించి, ఏది సరైనదో సూత్రంతో ఒక్క వాక్యంలో తేల్చండి. కనీస లోడు సంగతి విడిగా రాయండి. మొదటిది అచ్చు దిద్దుబాటు, రెండోది డిజైన్ మార్పు. కలిపి రాస్తే ఒకటి దిద్ది రెండోది వదిలేసే ప్రమాదం ఉంది.