బంతి చేతిలో లేని ఆట

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. తీరిగ్గా చదివాను. వారమంతా ఆస్ట్రేలియాలోని బెండిగోలో ఫిజియోథెరపీ చేస్తూ, శనివారాలు ఊరి ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) క్లబ్బులో ట్రైనర్‌గా కుర్రాళ్ల చీలమండలకు టేపులు చుడుతూ, మిగిలిన కాస్త సమయంలో తెలుగులో కథ రాశావు. సంతోషం. పొగడ్త ఇంతటితో ఆపేస్తాను. నువ్వు ఉత్తరం రాసింది దానికోసం కాదని తెలుసు.

నీ కథలో పదిహేడేళ్ల పిల్లవాడు మొదటిసారి సీనియర్స్‌లో, అంటే పెద్దల జట్టులో, ఆడతాడు. మొదటి మూడు క్వార్టర్లూ తడబడతాడు. తలకు దెబ్బ తగిలి పడిపోతాడు, లేస్తాడు. చివర్లో జట్టు అయిదు పాయింట్లు వెనకబడి ఉండగా బంతి అందుకుంటాడు, ఆట ముగిసిందని సైరన్ మోగాక కొట్టిన కిక్కుతో గోల్ చేసి గెలిపిస్తాడు. అందరూ భుజాలకెత్తుకుంటారు. రెండో పేజీ చదువుతుండగానే ఇదంతా నాకు తెలిసిపోయింది. నీకూ తెలుసనుకుంటాను, లేకపోతే చివరి పేజీ అంత హడావిడిగా ముగించేదానివి కాదు.

అలా జరగదని కాదు. ఈ ఆట చరిత్రలో అంతకంటే పెద్దవే జరిగాయి. 1949 సీజన్ మొదటి రౌండులో ఎసెండన్ జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడిన జాన్ కోల్‌మన్ హాథోర్న్ మీద 12 గోల్స్ కొట్టాడు. 1954లో మోకాలు దెబ్బతిని అతని ఆట ముగిసింది. ఆడింది 98 మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్ 537. ఇప్పుడు ఈ ఆటకు దేశంలో పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో అత్యధిక గోల్స్ వీరుడికి ఏటా ఇచ్చే పతకం అతని పేరు మీదే ఉంది. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుకున్న అమెరికన్ మేసన్ కాక్స్, దాదాపు ఏడడుగుల మనిషి, 2016 ఆన్జాక్ డే (యుద్ధవీరుల సంస్మరణ దినం) నాడు కాలింగ్‌వుడ్ తరఫున మొదటిసారి దిగి తొలి కిక్కుకే గోల్ కొట్టాడు. మార్లియన్ పికెట్ సంగతి మరీ విడ్డూరం. 2019లో రిచ్మండ్ అతన్ని ఏకంగా సీజన్ విజేతను తేల్చే గ్రాండ్ ఫైనల్‌లోనే మొదటిసారి ఆడించింది. 1952 తర్వాత అలాంటిది మళ్లీ అప్పుడే జరిగింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు, నలుగురు పిల్లల తండ్రి, వయసులో ఉండగా జైలుకు వెళ్లొచ్చినవాడు. లక్ష మంది ముందు గోల్ కొట్టాడు. జట్టు 89 పాయింట్ల తేడాతో గెలిచింది.

ఇవన్నీ వార్తలు. జరిగాయి కాబట్టి నోరెళ్లబెట్టి నమ్ముతాం. ఇదే నువ్వు కల్పించి రాస్తే, అక్కడ రచయిత చెయ్యి కనిపిస్తుంది. పికెట్ లాంటివాడు నిజంగానే ఉన్న లోకంలో నీ కుర్రాడి సైరన్ గోల్‌కు పాఠకుడెందుకు ఉలిక్కిపడాలి? ఆ పోటీలోకి దిగకు. నీ దగ్గర వార్తాహరుల దగ్గర లేని సరుకు ఉంది. అదేమిటో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ఒక చిన్న లెక్క వెయ్యి. మైదానంలో రెండు జట్లవాళ్లూ కలిపి 36 మంది, బంతి ఒక్కటి. బాగా ఆడే మిడ్‌ఫీల్డర్‌కు బంతి 30 సార్లు అందిందనుకో. అందిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లలో తన్నెయ్యాలి, లేదా పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించాలి, లేకపోతే ఎవడో వచ్చి మీద పడతాడు. అన్నీ కలిపినా ఒకటిన్నర నిమిషం. అంత గొప్ప ఆటగాడి చేతిలోనూ బంతి ఉండేది ఆ మాత్రమే. మొదటి ఆట ఆడే పిల్లవాడికి ఆరేడు సార్లు అందితే గొప్ప. వాడి ఆట మొత్తం బంతి లేకుండానే గడుస్తుంది. నీ కథలో మాత్రం బంతి వాడి దగ్గర లేని వాక్యమే లేదు.

బంతి లేనప్పుడు వాడేం చేస్తాడు? నువ్వు గీత దగ్గర నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంటావు. బంతి ఉన్నవాడి వైపు ప్రాణం పెట్టి పరిగెత్తుతాడు, చెయ్యెత్తి అడుగుతాడు. అవతలివాడు వీణ్ణి చూసి కూడా ఇంకొకడికి తంతాడు. పదిహేడేళ్ల వాణ్ణి నమ్మి బంతి ఇవ్వడానికి వాడికి ఇంకా ధైర్యం చాలలేదు. వీడు వెనక్కి నడిచి వచ్చి, మళ్లీ అదే పరుగు తీస్తాడు. వీణ్ణి కాపలా కాసేవాడు ముప్పై దాటిన రైతో, ఇళ్ల పైకప్పులు వేసేవాడో, ప్రతిసారీ తుంటితో ఓ పోటు పొడుస్తాడు. అందులో పగేమీ లేదు, వాడికది అలవాటు. అండర్ 18లో వీడు అందరికంటే పొడుగు, అందరికంటే వేగం. ఇక్కడ వీడి బలం ఎవరికీ లెక్కలోకి రాదు. ఎవరూ ఇవ్వని బంతి కోసం ఎనిమిదోసారి పరిగెత్తేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో రాయి. కథ అక్కడుందని నా నమ్మకం.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. నీ కథలో టేపు లేదు! నీ చేత్తో వారం వారం చుట్టే టేపు. ఉత్తరంలో మాత్రం మాటవరసకు రాశావు, ఆ పిల్లవాడు చీలమండ మీద వెంట్రుకలు గీసుకోకుండా వచ్చాడని, సీనియర్లంతా నున్నగా గీసుకుని వస్తారని, ఆట అయ్యాక టేపు లాగితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడని, ఆ గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారని. కథ మొత్తంలో అంత మంచి వాక్యం లేదు. దాన్ని తెచ్చి ఉత్తరంలో పారేశావు. సాహిత్యానికి పనికిరాదనుకున్నావా?

ఆ గది నాకు చూపించు. నొప్పులకు రాసే లినిమెంట్ ఘాటు, సిమెంటు గచ్చు మీద బూట్ల మేకుల చప్పుడు, బల్ల అంచున కూర్చుని కాలు నీ ఒళ్లోకి చాచిన పిల్లవాడు. ముందు మెత్తటి పొర, దాని మీద ముతక టేపు. పైన ఒక కట్టు, మడమ కింద నుంచి అటూ ఇటూ లాగిన పట్టీలు, చివర మడమను బిగించి పట్టుకునే మెలిక. పాదం కాస్త పైకెత్తి ఉంచమంటావు, వాడి కాలు ఆగకుండా వణుకుతూ ఉంటుంది, నువ్వు గమనించనట్టు మాట్లాడుతూ ఉంటావు. ఇవన్నీ నేను ఊహించి రాస్తున్నాను. నువ్వు చేతులతో ఎరుగుదువు. నీ వాక్యం నాకంటే బాగుండాలి.

అందుకే ఈ కథ ట్రైనర్ నోట చెప్పించమంటాను. ఇప్పుడు కథ చెబుతున్నది ఎక్కడో ఆకాశంలో ఉన్న సర్వసాక్షి. జట్టు మొత్తానికి చీలమండలు కట్టే తెలుగమ్మాయి ఆ గదిలో సహజంగానే ఉంది, ఉండే హక్కూ ఉంది. అయితే ఒక జాగ్రత్త. అక్కడి నుంచి జారి, ఆ పిల్లవాడి తొలి ఆటను వలస వచ్చిన నీ తొలి ఉద్యోగానికి ముడిపెట్టకు. మన ప్రవాస కథల్లో ఈ జబ్బు బాగా ముదిరింది. ప్రతి తెల్లపిల్లవాడూ, ప్రతి మేపుల్ చెట్టూ మన ఒంటరితనానికి గుర్తుగా నిలబడాల్సిందేనా? వాడి ఆట వాడిది. నువ్వు చూశావు, అంతవరకే.

కోచ్ గురించి. మ్యాచ్‌కు ముందు అతని చేత ఒక పేజీన్నర మాట్లాడించావు. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కూడా అన్ని పద్యాలు పాడడు. పల్లెటూరి కోచ్‌లు నేను విన్నంతలో మూడు నాలుగు ముక్కలే, అవీ చెప్పిందే చెబుతారు. మూడో క్వార్టర్ అయ్యాక జట్టు మైదానం మధ్య గుమిగూడితే, ప్రేక్షకులు కూడా లోపలికి నడిచి వెళ్లి చుట్టూ నిలబడి వింటారు చూడు, అది పెద్ద స్టేడియంలో దొరకని దృశ్యం. పిల్లవాడి తాత ఆ గుంపులో నిలబడి వింటున్నాడనుకో, కోచ్ వీడి పేరు ఎత్తనే లేదనుకో. ఆ పేజీన్నర మాటలకంటే ఇది నయం కాదూ?

ఆటను మన పాఠకుడికి ఎంత వివరించాలని అడిగావు. నంద్యాలలో కూర్చుని చదివేవాడికి ఈ ఆట తెలియదు, నిజమే. నువ్వు మొదటి పేజీ మొత్తం నిబంధనలకే ఇచ్చావు. 1859లో మెల్‌బోర్న్‌లో నియమాలు రాసుకున్న దగ్గర నుంచి ఎత్తుకున్నావు. తీసెయ్. రెండు సంగతులు తెలిస్తే చాలు. చెరో వైపూ నాలుగు స్తంభాలు, నడిమి రెంటి మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. ఇంకొకటి, పదిహేను మీటర్లకు తక్కువ కాకుండా తన్నిన బంతిని గాల్లోనే ఒడిసిపడితే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ మీదపడకూడదు, పట్టినవాడు తీరిగ్గా తన్నుకోవచ్చు. ఆఫ్‌సైడ్ లేదనీ ఇంకోటనీ చెప్పనక్కర్లేదు. గోల్ అంపైర్ రెండు తెల్ల జెండాలు ఊపాడంటే ఏమైందో, ఒకటే ఊపాడంటే ఏమైందో పాఠకుడే పట్టుకుంటాడు.

ఆ మార్క్ సంగతి నీకు బాగా పనికొస్తుంది. అప్పటిదాకా ఆలోచించే వ్యవధి లేదు కాబట్టి పిల్లవాడికి భయం కూడా లేదు. మార్క్ పట్టగానే అంతా ఆగుతుంది. అందరూ వాణ్ణే చూస్తారు. ఇప్పుడు వాడికి బోలెడు సమయం ఉంది, అదే వాడి కష్టం. గోల్‌కు నలభై మీటర్లు. తన్నాలా, బాగా ఖాళీగా నిలబడి చెయ్యెత్తుతున్న పెద్దవాడికి ఇచ్చెయ్యాలా? ఇది చివరి నిమిషంలో పెట్టకు. రెండో క్వార్టర్ మధ్యలో, ఫలితానికి పెద్దగా సంబంధం లేనిచోట పెట్టు. వాడు తన్నిన బంతి స్తంభానికి తగిలి ఒక్క పాయింటే రావచ్చు. ఇచ్చేసినా సరే. వాడేం చేశాడో నువ్వు తేల్చుకో, కానీ తర్వాత ఆట యథాప్రకారం సాగిపోవాలి. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు, వాడొక్కడు తప్ప.

కొన్ని చిల్లర సవరణలు. మధ్యాహ్నం ఆటలో పసుపు బంతి వాడావు. పసుపుది రాత్రి లైట్ల కింద ఆడేది, పగలు ఎర్రబంతి. "వేలాది ప్రేక్షకుల హర్షధ్వానాలు" అన్నావు. ఊరి మైదానంలో వేలమంది ఎక్కడ? గోల్ పడితే బౌండరీ చుట్టూ నిలిపిన కార్లు హారన్లు కొడతాయి, పక్క కోర్టులో నెట్‌బాల్ అంపైర్ విజిల్ అందులో కలిసిపోతుంది. అది రాయి.

మూడో క్వార్టర్లో తలకు దెబ్బ తగిలి పడినవాణ్ణి నాలుగో క్వార్టర్లో మళ్లీ దింపావు. ఇది మాత్రం చిల్లర తప్పు కాదు. ఇప్పుడు ఊరి క్లబ్బుల్లో కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయితే ఆ రోజుకు ఆట ముగిసినట్టే, కనీసం 21 రోజులు మళ్లీ మ్యాచ్ ఆడనివ్వరు. నిజంగా ఆ సమయానికి బౌండరీ దగ్గర నువ్వుంటే వాణ్ణి వెళ్లనిస్తావా? చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టవూ? కథలో వీరుణ్ణి చెయ్యాలని వాడి బుర్రతో ఆడుకున్నావు. దెబ్బైనా తీసెయ్, లేదా వాణ్ణి నీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి నాలుగో క్వార్టర్ అక్కణ్ణుంచే రాయి. రెండోదే నాకిష్టం, అయితే అప్పుడు కథ నిడివి పెరుగుతుంది.

గురువారం సాయంత్రం ప్రాక్టీసయ్యాక జట్టు పేర్లు చదివే సన్నివేశం ఒక్క వాక్యంలో తేల్చేశావు. దానికి అరపేజీ ఇవ్వొచ్చు. పేరు వినపడ్డాక పిల్లవాడు ఎవరికి ఫోన్ చేశాడో, రిజర్వ్స్‌కు, అంటే రెండో జట్టుకు, దిగిపోయిన పాత ఆటగాడు వాడితో ఏమన్నాడో, అసలేమీ అనలేదో చెప్పు. వీడు లోపలికి వచ్చాడంటే ఒకడు బయటికి పోయాడు. మొదటి ఆటల కథల్లో ఆ రెండోవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. నువ్వు వాడికీ శనివారం పొద్దున టేపు చుట్టే ఉంటావు.

శీర్షిక "తొలి గెలుపు" అని పెట్టావు. ముందు గెలిచారో లేదో తేలనీ, తర్వాత చూద్దాం. పత్రికవాళ్లు తొందర పెడితే నా పేరు చెప్పి ఒక నెల గడువు అడుగు. ఈ శనివారం మ్యాచ్ ఉందన్నావు కాబట్టి ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. మార్చి రాసిన మొదటి రెండు పేజీలు చదివి వినిపించు, మిగతావి తర్వాత.

ఆశీస్సులతో,
మీ మాష్టారు,
వెర్రిబీ