కొన్న ధర మరువు బిడ్డా

బిడ్డా,

డీమార్ట్, ట్రెంట్ (జూడియో బట్టల దుకాణాలు నడిపే టాటా కంపెనీ) షేర్లు పడ్డయని, ఇంకిన్ని కొని కొన్న సగటు ధర తగ్గిస్తనంటున్నవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. నీ జీతంతోని నువ్వే లెక్కలు చూసి కొంటున్నవంటే శాన సంబురమైంది. గని ఇంటికని దాసిన పైసలు గూడ అండ్లనే పెడతవంట. రాత్రి నిద్ర పట్టలే.

పన్ను ముచ్చట చిన్నదే. ఏడాది దాటినంక అమ్మితే, ఆ ఆర్థిక సంవత్సరంల 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం, ఏడాది లోపలైతే 20 శాతం. పన్నుకు భయపడి మాత్రం ఉంచుకోకు.

ప్రకాశం బజార్ల మన దుకాణం పక్కపొంటి ఒకాయన చీరలమ్మేటోడు, నాకు తమ్ముని లెక్క. ఒక రిటైల్ కంపెనీ షేర్లు కొన్నడు. కొన్న ధరను నోట్‌బుక్కు మొదటి పేజీల ఎర్ర సిరతోని రాసి, సుట్టు గుండ్రంగ గీసి గల్లపెట్టెల పెట్టుకున్నడు. గిరాకి లేనప్పుడల్ల తీసి చూసుడే. ధర సగమైంది. "నా ధర నాకొస్తె అమ్మేస్త" అన్నడు. ఇంకింత పడితే ఇంకిన్ని కొన్నడు. కంపెనీకి అప్పెంత, మిత్తికెంత పోతుంది, ఓనర్లు తమ షేర్లు తాకట్టు పెట్టిన్రా, ఒక్కనాడన్న చూడలే. అదే మనిషి, బతుకమ్మకు తెచ్చిన చీరలు మిగిలితే కొన్న ధర చూడకుంట తెగనమ్మి కొత్త సరుకు దించేటోడు! ఆ తెలివి షేర్ల కాడ ఏమాయెనో. కంపెనీ మునిగింది. బిడ్డ పెండ్లి పైసలు అండ్లనే పోయినయి.

అందుకే అప్పంటే నాకు భయం. బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2022 జూలైల దివాలా ప్రక్రియల పడ్డది, 2024ల లిక్విడేషన్ (ఆస్తులమ్మి కంపెనీని మూసేసుడు) ఆర్డరొచ్చింది. అట్లయితే వచ్చిన పైసలు ముందు అప్పులిచ్చినోళ్లకు, ఏమన్న మిగిలితేనే ఆఖరికి షేర్లోళ్లకు.

డీమార్ట్‌కు అంత అప్పు రంది లేదు, దుకాణాలు గూడ శాన మట్టుకు సొంతయే. గని 2017 మార్చిల మొదటిసారి జనానికి 299 రూపాయలకు ఇచ్చిన షేరు 2021 అక్టోబర్ల 5,000 దాటింది. తర్వాత దుకాణాలు పెరిగినా ధర ఆడ నిలబడలే. మంచి దుకాణానికి గూడ మించి ధర పెట్టే జనముంటరు. పాత దుకాణాలల్ల గిరాకి పెరుగుతుందా, కొత్తయి కలుపుకుంటెనే పెరిగినట్టు కనవడ్తుందా చూడు. పండుగ తేదీ గూడ చూడు. 2024ల దసరా అక్టోబర్ 12, 2025ల అక్టోబర్ 2. పది రోజులు ముందుకొస్తే బట్టల గిరాకి సెప్టెంబర్ క్వార్టర్లకు (జూలై నుంచి సెప్టెంబర్ దాక మూడు నెలల లెక్కకు) జరుగుతది. అది తెల్వకుంటె ఒక క్వార్టర్ చూసి మురుస్తవు, ఇంకోటి చూసి బెదిరి అమ్ముకుంటవు.

చేతిల షేర్లు లేకుంట పైసలే ఉంటె, ఇయ్యాల్టి ధరకు కొందువా? కొనననిపిస్తె అమ్మెయ్యి. కొంటననిపిస్తె ఉంచు. ఇంటి పైసలు మాత్రం ముట్టకు. కటువుగ రాసిన్నేమో, నీ మీద కోపం గాదు తల్లీ.

వచ్చే ఐతారం నల్లగొండకు రా. రెండు కంపెనీల వార్షిక నివేదికలు ప్రింటు తీయించుకొని రా, అప్పుల పేజీ నుంచే మొదలుపెడదాం. పెద్దమ్మ సర్వపిండి చేస్తనంటుంది.

మీ పెద్దనాయిన