1930లలో అమెరికాకు వలసలు పడిపోవడానికి ఆర్థిక మాంద్యమే కారణమా?

మాంద్యం సగం కారణమే. మిగతా సగం చట్టాలది. 1907లో దాదాపు 12.85 లక్షల మంది అమెరికా చేరగా, 1924 నాటి చట్టం 1890 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంలో పుట్టినవారి సంఖ్యలో 2 శాతాన్నే ఏటా అనుమతించి, ఇటలీ, పోలండ్ వంటి దేశాల వారికి తలుపులు దాదాపుగా మూసివేసింది. 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలాక, పోషణకు ప్రభుత్వంపై ఆధారపడతారనిపించే వారికి వీసా ఇవ్వరాదన్న పాత నిబంధనను అప్పటి అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం 1930లో కఠినంగా అమలు చేయించింది. 1932లో వచ్చినవారికంటే వెళ్లిపోయినవారే ఎక్కువ. 1933లో వచ్చినవారు సుమారు 23 వేలు మాత్రమే. అన్నిటికంటే బాధాకరమైనది మెక్సికన్ కుటుంబాల గతి: లాస్ ఏంజెలిస్ వంటి చోట్ల స్థానిక అధికారులే రైళ్లు ఏర్పాటు చేసి పంపించివేసిన వారిలో, అమెరికాలోనే పుట్టి ఆ దేశ పౌరసత్వం ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు.